నాన్నగారి 31 ఫైళ్లు, అమ్మ చేతిలో ట్యాబ్

ఒంగోలు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరమిది. వయసు 43. పేరు వెయ్యొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

ఆమె తండ్రిగారు హైస్కూల్లో తెలుగు పండితులు. 1999లో రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత పెట్టి కంప్యూటరు కొనుక్కున్నారు. వీధి చివర డీటీపీ సెంటర్లో పనిచేసే కుర్రాడి దగ్గర కూర్చుని యాపిల్ అనే తెలుగు టైపింగు కీబోర్డు వరస నేర్చుకున్నారు. పుస్తకం పేజీలు పేర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాంలో, అను అనే తెలుగు ఫాంట్లతో, తమ ఊరి సంగతులు రాయడం మొదలుపెట్టి పదిహేనేళ్లకు పైగా రాస్తూనే ఉన్నారు. చిన్నప్పటి కరువులు, ఊరబావి, పొగాకు బ్యారన్లు, అన్నదమ్ముల పంపకాలు, చివర్లో సేద్యం మాటల పట్టిక ఒకటి. మొత్తం 31 ఫైళ్లు, 412 పేజీలు. ఆయన పోయి 10 నెలలైంది.

అమ్మగారికి 74. షుగరు వల్ల చూపు తగ్గింది. మనవడు కొనిచ్చిన ట్యాబ్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని వార్తలు చదువుకుంటున్నారు. "మీ నాన్న రాసిందీ ఇట్లా పెద్దదిగా కనపడితే నేనే చదువుకుంటాను కదమ్మా" అని అడుగుతున్నారట. ఈమె ఒక ఫైలు ట్యాబ్‌లో వేసి చూస్తే అసలు తెరుచుకోలేదు. అందులోని మేటర్ వర్డ్‌లోకి కాపీ చేసి పంపితే తోకలూ టోపీలూ ఉన్న ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు కనపడ్డాయి. నెట్‌లో ఏదో కన్వర్టర్లో వేస్తే సగం తెలుగైంది, సగం చెడిపోయింది.

డాలస్‌లో ఉన్న అన్నయ్య సంవత్సరీకం నాటికి పుస్తకం చేతికి రావాలంటున్నాడు. ఇంకా 2 నెలలే ఉంది. "ఎవరికైనా ఇచ్చి మళ్లీ టైపు చేయించు, డబ్బు నేను పంపిస్తా" అన్నది అతని మాట. నాన్నగారికి నేర్పిన ఆ డీటీపీ ఆయనకే ఇప్పుడు సొంత షాపుంది, పేజీకి 40 రూపాయలడిగాడు. కానీ రాతల్లో బాబాయితో పొలం తగాదా అంతా ఉంది. ఊళ్లోవాళ్ల చేతుల్లో పెట్టడానికి ఈమెకు మనసొప్పడం లేదు. ఆలస్యం చేస్తున్నావని అన్నయ్య, ఇంట్లో సంగతి బయటపెడతాడా అని ఈమె, ఇద్దరికీ మాటలు తగ్గిపోయాయి.

ఉత్తరం చివర్లో ఇలా రాశారు: "బతికుండగా నాలుగైదుసార్లు అడిగారండీ, అమ్మాయీ, ఇది నా ఫోనులో పడేట్టు చెయ్యి అని. ఆదివారం చూద్దాం నాన్నగారూ అనేదాన్ని. ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి. పీడీఎఫ్ చేసేస్తే చాలా? టైపు చేయించాలా? నేనే మార్చుకోవాలా? నాకు తెలిసిన కంప్యూటరు ఎక్సెల్ వరకే."

---

అమ్మా,

మీరడిగిన మూడిట్లో ఏది ఎంచుకున్నా, ముందు ఒక పని ఈ వారంలోనే అయిపోవాలి. నాన్నగారి కంప్యూటరు ఇంకా ఆన్ అవుతోందని రాశారు. అంత పాత హార్డ్ డిస్క్ ప్రతిసారీ లేస్తుందన్న నమ్మకం లేదు. దాన్ని నెట్‌కు కలపొద్దు, బాగుచేస్తామంటే ఎవరికీ ఇవ్వొద్దు. విండోస్ ఎక్స్‌పీ అని రాశారు కాబట్టి 32 జీబీ దాటని పెన్‌డ్రైవ్ తీసుకోండి, పెద్దవాటిని అది గుర్తుపట్టకపోవచ్చు. 31 ఫైళ్లున్న ఫోల్డరు ఒకటే కాదు, విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డరు కూడా మొత్తం కాపీ చేసుకోండి. పేజీల్లో ఊరబావి ఫొటో, తాతగారి ఫొటో ఉన్నాయన్నారు. పేజ్‌మేకర్ చాలాసార్లు ఫొటోను తనలో పెట్టుకోదు, ఎక్కడుందో గుర్తు మాత్రం పెట్టుకుంటుంది. కాబట్టి ఆ స్కాన్లున్న ఫోల్డరు వెతికి అదీ తీసుకోండి. కాపీ ఒకటి మీ దగ్గర, ఒకటి అన్నయ్య దగ్గర, ఒకటి ఏదైనా క్లౌడ్‌లో ఉండనివ్వండి. ఈలోపు కంప్యూటరు లేవకపోతే కంగారు పడకండి. హార్డ్ డిస్క్ ఊడదీసి యూఎస్‌బీ అడాప్టరుతో కొత్త కంప్యూటరుకు తగిలిస్తే చాలావరకు ఫైళ్లు దొరుకుతాయి.

ఇక ఆ ఫైళ్లు ట్యాబ్‌లో ఎందుకు చదవలేకపోతున్నామో చెప్తాను. ఇది తెలిస్తే మీ మూడు దారుల్లో తేడా మీకే కనపడుతుంది.

మీ ఇబ్బందిలో రెండు ముడులున్నాయి. మొదటిది పేజ్‌మేకర్. అది ఒక కంపెనీ సొంత ఫైలు పద్ధతి. 1985లో ఆల్డస్ అనే సంస్థ తెచ్చింది, 1994లో అడోబీ చేతికి వచ్చింది. 2001లో వచ్చిన 7.0 తరువాత కొత్త వెర్షన్ లేదు. అదే కంపెనీ తెచ్చిన ఇన్‌డిజైన్ కూడా సీఎస్6 అనే వెర్షన్ వరకే ఆ ఫైళ్లను తెరిచింది. అందుకే ట్యాబ్ మీ ఫైలును చూసి ఇదేమిటో నాకు తెలియదంది. ఈ ముడి విప్పడం పెద్ద కష్టం కాదు, నాన్నగారి కంప్యూటరు బతికుంటే చాలు.

రెండోది అసలు ముడి. ఆ ఫైల్లో ఉన్నది తెలుగు కాదమ్మా. తెలుగులా కనపడే బొమ్మలు.

ఆ రోజుల్లో కంప్యూటరుకు తెలిసింది ఇంగ్లీషు అక్షరాలు, యూరప్ భాషల అక్షరాలు కొన్ని, గుర్తులు కొన్ని. అన్నీ కలిపి రెండొందల చిల్లర గళ్లు. మనవాళ్లు ఆ గళ్లలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో గుడి, ఇంకో గడిలో తావత్తు. కంప్యూటరు తన లెక్కలో డాలరు గుర్తు అనుకుంటూనే ఉంటుంది, ఫాంటు మాత్రం అక్కడ తెలుగు ముక్క గీసి చూపిస్తుంది. ఫాంటు ఉన్నంతసేపు తెలుగు, ఫాంటు లేని చోట డాలరు గుర్తు. మీ అమ్మగారి ట్యాబ్‌లో కనపడ్డ టోపీ అక్షరాలు అవే. పైగా అను ఫాంట్లకు ఒక గళ్ల వరస, శ్రీలిపి ఫాంట్లకు ఇంకొకటి. అనులోనే 6వ వెర్షన్‌కీ 7వ వెర్షన్‌కీ తేడాలున్నాయి.

యూనికోడ్ అని, అన్ని భాషల అక్షరాలకూ వేర్వేరు గళ్లు ఇచ్చిన పద్ధతి ఒకటుంది. అది అలా కాదు. అందులో తెలుగుకు సొంతంగా 128 గళ్లు కేటాయించారు, 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే తెలుగు ఉంది. విండోస్ ఎక్స్‌పీతో పాటే గౌతమి అనే యూనికోడ్ ఫాంటు కూడా వచ్చింది. అంటే నాన్నగారి కంప్యూటర్లోనే ఆ వసతి ఉంది. కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు అర్థం కాదు. పుస్తకాలు వేసేవాళ్లకు పేజ్‌మేకరే కావాలి. కాబట్టి ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో పాత ఫాంట్లే నడిచాయి. నాన్నగారు తప్పు దారిలో వెళ్లారని అనుకోకండి. తెలుగు అందంగా అచ్చుకావాలంటే అప్పుడున్న దారి అదే.

ఒక్క మాట దగ్గర నుంచి చూపిస్తాను. "స్త్రీ" తీసుకోండి. యూనికోడ్‌లో ఇది మనం పలికే వరసలో ఉంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, చివర ఈత్వం. మొత్తం ఆరు. పాత ఫాంటులో కంటికి కనపడే వరసలో ఉంటుంది: గుడిదీర్ఘంతో సహా "సీ" ఒక ముక్క, తావత్తు ఒక ముక్క, క్రావడి ఒక ముక్క. అంటే కన్వర్టర్ అనేది ఒక గుర్తు తీసి ఇంకో గుర్తు పెడితే సరిపోదు. "సీ" లోంచి దీర్ఘాన్ని ఊడదీసి, రెండు ఒత్తులు దాటించి, ర పక్కన పెట్టాలి. కొన్ని ఫాంట్లలో "మ" కూడా ఒక్క ముక్క కాదు, "వ" గీసి దాని పక్కన కొమ్ములాంటి గీత తగిలిస్తారు. ఆ గీత కొమ్మో, మలో భాగమో కన్వర్టర్ తెలుసుకోవాలి. మీకు సగం తెలుగు, సగం చెత్త వచ్చిందంటే అది బహుశా వేరే వెర్షన్ అను కోసం రాసిన కన్వర్టర్ అయ్యుంటుంది. దాన్ని చూసి ఇక ఇది కాదనుకోకండి.

ఇప్పుడు దారుల సంగతి.

పీడీఎఫ్ చేస్తే ఏమవుతుంది? నాన్నగారి కంప్యూటర్లో ఒక పీడీఎఫ్ ప్రింటర్ ప్రోగ్రాం వేసి, పేజ్‌మేకర్ నుంచి ప్రింట్ ఇస్తే ప్రతి ఫైలూ పీడీఎఫ్ అవుతుంది. సెట్టింగుల్లో ఫాంట్లు లోపలే ఇమిడ్చే ఏర్పాటు ఉంటుంది, అది తప్పకుండా పెట్టండి. అప్పుడు మీ ఫోను, అన్నయ్య ఐప్యాడ్, అమ్మగారి ట్యాబ్, ఎక్కడైనా నాన్నగారు పెట్టిన పేజీ పెట్టినట్టే కనపడుతుంది. ఒక్క అక్షరం మారదు. ఒక ఆదివారంలో అయిపోతుంది. సంవత్సరీకానికి అచ్చు వెయ్యాలన్నా ప్రెస్సువాళ్లకు ఇదే చాలు.

దీనితో ఏం రాదో కూడా తెలుసుకోండి. ఆ పీడీఎఫ్‌లో ఏ మాటా వెతకలేరు, కాపీ చేస్తే మళ్లీ టోపీలే వస్తాయి. అక్షరం పెద్దది చేస్తే పేజీ అంతా పెద్దదవుతుంది కానీ లైన్లు తెరకు తగ్గట్టు సర్దుకోవు. నాన్నగారు పేజీలు డెమ్మీ 1/8 సైజులో పెట్టారని రాశారు. అంటే సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు. పదంగుళాల ట్యాబ్ నిలువుగా పట్టుకుంటే తెర దాదాపు అంతే. కాబట్టి అమ్మగారికి అచ్చు పుస్తకంలో ఎంత అక్షరమో అంతే కనపడుతుంది. చుట్టూ మార్జిన్లు కత్తిరిస్తే కొంచెం పెరుగుతుంది. నాన్నగారు ఏ సైజు అక్షరం పెట్టారో చూసి, ఒక పేజీ అమ్మగారికి చూపించండి. చదవగలిగితే ఆవిడ వరకు మీ సమస్య సగం తీరినట్టే. చదవలేకపోతే పీడీఎఫ్ ఆవిడకు పనికిరాదు, తెరను పక్కకీ కిందికీ జరుపుకుంటూ 412 పేజీలు ఎవరూ చదవలేరు.

మళ్లీ టైపు చేయిస్తే? 412 పేజీలు, పేజీకి 40 అంటే 16,480 రూపాయలు. అన్నయ్య ఇస్తానంటున్నాడు కాబట్టి డబ్బు ఇబ్బంది కాదు. యూనికోడ్‌లో టైపు చేస్తేనే ఉపయోగమని మాత్రం ముందే చెప్పాలి. చాలామంది అలవాటు కొద్దీ అనులోనే కొట్టి ఇస్తారు, మీరు మొదటికి వస్తారు. అయితే నాకు ఈ దారిలో ఒక భయముంది. పొలం తగాదా సంగతి తరువాత చెప్తాను, ఇది దానికంటే లోతైనది.

కన్వర్టర్ తప్పు చేస్తే ప్రతిచోటా అదే తప్పు చేస్తుంది. ఒక్కసారి కనిపెడితే అన్నీ దొరుకుతాయి. మనిషి తప్పు అలా కాదు. మనిషి చదివి, అర్థం చేసుకుని కొడతాడు. తెలియని మాట వస్తే తెలిసిన మాటగా మార్చి కొడతాడు, తను మార్చానని అతనికే తెలియదు. నాన్నగారి పట్టికలో ఉన్నాయని మీరు నాలుగు మాటలు రాశారు: మేడి, గుంటక, నొగ, జడ్డిగం. గొర్రుతో విత్తనం వేసేటప్పుడు గింజలు పోసే గిన్నెను జడ్డిగం అంటారని టౌన్లో పెరిగిన ఎంతమందికి తెలుసు? అక్కడ తప్పు పడితే మీరూ పట్టుకోలేరు, అది చూడ్డానికి తెలుగు మాటలాగే ఉంటుంది కాబట్టి. "వచ్చినాడు" అని నాన్నగారు రాసిన చోటల్లా "వచ్చాడు" అని పడితే ఆ రాతలో ఆయన గొంతు పోతుంది. మళ్లీ టైపు చేయించిన ప్రతిదాన్నీ మూలంతో అక్షరం అక్షరం పోల్చి చూడాలి. ఆ శ్రమ ఎలాగూ పడాలన్నప్పుడు, మార్చిన పాఠాన్నే దిద్దుకోవడం మేలు కాదా అని నాకనిపిస్తుంది.

ఇక మీరే మార్చుకోవడం. కష్టం చెప్పే ముందు దీంతో ఏమొస్తుందో చెప్తాను. యూనికోడ్ అయ్యాక ఆ రాతను ఈపబ్ అనే ఈ-పుస్తకం ఫైలు చేసి అమ్మగారి ట్యాబ్‌లో పెడితే, అక్షరం ఎంత పెద్దది చేసినా లైన్లు తెర వెడల్పుకు తగ్గట్టు వాటంతట అవే సర్దుకుంటాయి. వార్తలు ఎలా చదువుకుంటున్నారో అలాగే. ఇంకోటి. ఆవిడ చూపు ఇంకా తగ్గిందనుకోండి, ఆండ్రాయిడ్‌లో ఎంచుకున్నదాన్ని తెలుగులో చదివి వినిపించే ఏర్పాటు ఉంది. గొంతు యంత్రానిదే అయినా మాటలు నాన్నగారివి. పాత ఫాంటు పీడీఎఫ్‌ను అది చదవలేదు. రేపు ఏ ఫోనులోనైనా ఫాంటు లేకపోతే అక్షరం అందం మారుతుందేమో కానీ అర్థం పోదు.

చేసే పద్ధతి ఇది. నాన్నగారి కంప్యూటర్లోనే పేజ్‌మేకర్‌లో ఫైలు తెరిచి, మేటర్ మధ్యలో కర్సర్ పెట్టి, ఎక్స్‌పోర్ట్‌లో ఆర్‌టీఎఫ్‌గా, అంటే వర్డ్ తెరవగలిగే ఫైలుగా, సేవ్ చెయ్యండి. ఒక ఫైల్లో విడివిడి డబ్బాల్లో మేటర్ ఉంటే ఒక్కోటీ వేరుగా తియ్యాలి. ఫుట్‌నోట్లు, ఫొటో కింది మాటలు ఇలాగే తప్పిపోతుంటాయి, పీడీఎఫ్ పక్కన పెట్టుకుని లెక్క చూసుకోండి. ఉత్త టెక్స్టుగా మాత్రం తియ్యొద్దు. ఆర్‌టీఎఫ్‌లో ఏ ముక్క ఏ ఫాంటులో ఉందో గుర్తుంటుంది, టెక్స్టులో అది పోతుంది. నాన్నగారు మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన చదువుల పేర్లు, అడ్రసులు ఉంటాయి కదా, ఫాంటు తెలియని కన్వర్టర్ వాటినీ తెలుగు అనుకుని మార్చి పాడుచేస్తుంది. ఫాంటు చూసి మార్చే కన్వర్టర్ దొరక్కపోతే, వర్డ్‌లో ఫాంటును బట్టి వెతికే వీలుంది. ఇంగ్లీషు ముక్కలన్నిటికీ ముందే రంగు పూసి పెట్టుకోండి.

కన్వర్టర్ ఎంచుకునే ముందు ఒక పరీక్ష పేజీ తయారు చేయించండి. అ నుంచి బండి ర దాకా అక్షరాలు, ఒక గుణింతం, ఒత్తులన్నీ, అంకెలు. పేజ్‌మేకర్‌లో, నాన్నగారు వాడిన ఫాంటులోనే. మీకు యాపిల్ కీబోర్డు రాదు కాబట్టి డీటీపీ ఆయన్ని ఇంటికి పిలిచి అరగంట కూర్చోబెట్టండి. ఈ పేజీలో తగాదాలేమీ ఉండవు! ఆ పేజీని దొరికిన ప్రతి కన్వర్టర్లోనూ వేసి చూస్తే ఎవరు ఏ అక్షరం దగ్గర తప్పుతున్నారో పది నిమిషాల్లో తేలిపోతుంది. అను 6, అను 7 రెండూ పెట్టి చూడండి.

ఆన్‌లైన్ కన్వర్టర్లలో కొన్ని మీ రాతను తమ సర్వరుకు పంపించుకుంటాయి, కొన్ని మీ బ్రౌజర్లోనే పని ముగిస్తాయి. తేడా తెలుసుకోవడం సులువు. పేజీ తెరిచాక నెట్ ఆపేసి, పరీక్ష పేజీ వేసి మార్చమనండి. మారిందంటే పని మీ కంప్యూటర్లోనే జరుగుతోంది. పొలం తగాదా ఉన్న అధ్యాయాలు అలాంటి దాంట్లోనే, నెట్ ఆపే వెయ్యండి.

మారిన తరువాత దిద్దడం ఉంది, అసలు పని అదే. నాన్నగారు పండితులు కాబట్టి పద్యాలు ఉదహరించి ఉంటారు. అరసున్నలు, బండి రలు, ఋకారాలు ముందు చూడండి, అరుదుగా వచ్చే అక్షరాలను కన్వర్టర్లు ఎక్కువగా వదిలేస్తాయి. తరువాత అతుక్కుపోయే మాటలు. "హెడ్‌మాస్టర్" అని ఉండాల్సింది "హెడ్మాస్టర్" అవుతుంది, డ కింద మావత్తు పడిపోతుంది. మధ్యలో కంటికి కనపడని ఒక విడదీసే గుర్తు ఉండాలి, అది పాత ఫాంట్లో లేదు కాబట్టి కన్వర్టర్‌కు తెలియదు. ఇలాంటి మాట ఒకటి దొరికితే మాట మొత్తాన్ని వెతికి మార్చండి. "డ్మ" కనపడ్డ చోటల్లా మార్చమంటే పద్యంలో మొగ్గ అనే అర్థంలో వచ్చే "కుడ్మలం" కూడా విరిగిపోతుంది. ఒక్కో తప్పు కనిపెట్టినప్పుడు నోటు పుస్తకంలో రాసుకోండి, తరువాతి 30 ఫైళ్లకూ అదే పట్టిక పనికొస్తుంది.

ఎంత పడుతుంది? పేజీకి పది నిమిషాలనుకున్నా 412 పేజీలకు 69 గంటలు. ఉద్యోగం చేసుకుంటూ రోజుకు గంట కూర్చుంటే రెండు నెలలు దాటుతుంది. అంటే సంవత్సరీకానికి మొత్తం పూర్తి కాదు, ఆ ఒత్తిడి పెట్టుకుంటే తప్పులు వదిలేస్తారు.

నాలుగో దారి కూడా ఒకటుంది, మీరడగలేదు. పీడీఎఫ్ పేజీలను ఫొటోలుగా మార్చి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే, పేజీ బొమ్మను చూసి తెలుగు అక్షరాలు గుర్తుపట్టి యూనికోడ్‌లో ఇస్తుంది. శుభ్రమైన అచ్చు కాబట్టి బాగానే వస్తుంది. కానీ ప కి వ, ఫ కి ఘ పడుతుంటాయి, ఒకచోట సరిగ్గా ఉన్న మాటే ఇంకోచోట తప్పుతుంది, పట్టికల వరసలు కలిసిపోతాయి. రాత అంతా క్లౌడ్‌కు వెళ్తుందన్నది కూడా గుర్తుంచుకోండి. 31లో ఏవైనా ఫైళ్లు పాడై తెరుచుకోక, కాగితం ప్రింటు మాత్రం దొరికితే అప్పుడు వాడండి.

అన్నయ్య విషయం. మీరిద్దరూ వేర్వేరు వస్తువుల గురించి గొడవ పడుతున్నారని నాకనిపించింది. అతనికి కావాల్సింది చేతిలో పుస్తకం, ఒక తేదీకి. మీకు కావాల్సింది అమ్మ చదువుకోగలిగే రాత, ఒక్క మాట చెడకుండా. పుస్తకానికి పీడీఎఫ్ చాలు. కాబట్టి ఈ నెలలో పీడీఎఫ్‌లు చేసి అతనికి పంపండి, అచ్చు పని అతను చూసుకుంటాడు. యూనికోడ్ పని మీరు నెమ్మదిగా చేసుకోండి. అతనికి ఇంకో పని కూడా ఇవ్వొచ్చు. దిద్దిన అధ్యాయాలు వర్డ్ వాడే డాక్స్ (.docx) ఫైళ్లుగా పంపితే పీడీఎఫ్‌తో పోల్చుకుంటూ చదివి, అనుమానం ఉన్న చోట రంగు పూసి పంపిస్తాడు. ఇద్దరి కళ్లు పడితే తప్పులు తగ్గుతాయి. అతనిది మ్యాక్ అని రాశారు, ఫరవాలేదు. డాక్స్ 2008 నుంచి అంతర్జాతీయ ప్రమాణం కింద ఉన్న పద్ధతి, లిబ్రేఆఫీస్ కూడా తెరుస్తుంది.

అయితే పీడీఎఫ్ అచ్చుకు పంపే ముందే పొలం తగాదా మాట తేల్చుకోవాలి. టైపు చేసే ఆయన చదువుతాడని మీరు భయపడ్డారు, పుస్తకమైతే బంధువులందరూ చదువుతారు కదా. బాబాయి ఉన్నారా, ఆయన పిల్లలతో రాకపోకలున్నాయా, మీరు రాయలేదు. ఆ అధ్యాయాలు అచ్చులో వదిలేసి, ఇంట్లో దాచే ప్రతిలో ఉంచొచ్చు. అలా చేస్తే పుస్తకం కొంత బోసిపోతుంది, సంబంధాలు నిలుస్తాయి. ఉన్నదున్నట్టు వేస్తే నాన్నగారి మాట నిలుస్తుంది, సంవత్సరీకం రోజునే ఇంట్లో మాటామాటా రావచ్చు. ఇది మీరూ అన్నయ్యా కూర్చుని, అమ్మగారినడిగి తేల్చుకోవాల్సింది. ఆ పొలం గొడవలో ఆవిడా బతికారు. నేను చెప్పగలిగింది ఒకటే: ఏం తీసేసినా మూలంలో తియ్యకండి, అచ్చు ప్రతిలోనే తియ్యండి.

మూలం అన్నాను కాబట్టి నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నేనొక మాసపత్రికలో పనిచేసేవాణ్ని. పాత సంచికలన్నీ యూనికోడ్‌లోకి మార్చి, డిస్కులో చోటు కోసం పాత ఫైళ్లు తీసేశాం. ఏడాది తరువాత ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు, పద్యాల్లో బండి రలన్నీ మామూలు రలయ్యాయని. చూస్తే నిజమే. సరిచేద్దామంటే ఏది ఏదో చూసుకోడానికి పాత ఫైలు లేదు, కొన్ని సంచికలకు కాగితం ప్రతులూ దొరకలేదు. ఆ పద్యాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. అందుకే చెప్తున్నాను. యూనికోడ్ అయిపోయింది కదా అని పేజ్‌మేకర్ ఫైళ్లు గానీ, పీడీఎఫ్‌లు గానీ, ఆ ఫాంట్స్ ఫోల్డరు గానీ ఎన్నడూ తీసెయ్యొద్దు.

మీ చివరి మాట గురించి. ఆదివారం చూద్దాం అన్నానని బాధపడుతున్నారు. నేను మీకు ఉన్నది చెప్తాను. నాన్నగారు అడిగినట్టు రాతంతా ఫోనులో వెతుక్కునేలా, పెద్దది చేసుకునేలా మార్చడం ఒక ఆదివారంలో అయ్యే పని కాదు, 69 గంటల పని. దాని గురించి మిమ్మల్ని మీరు నిందించుకోకండి. పీడీఎఫ్ మాత్రం అయ్యుండేది. అది తెలిసినవాళ్లు మీకెవరూ చెప్పలేదు, మీరూ ఎవరినీ అడగలేదు. ఆ వెలితి ఉంటుందమ్మా, నేను లేదంటే మీరు నమ్మరు. కానీ ఆయన ఫోనులో పడేట్టు చెయ్యమని అడిగింది తన కోసమే అయ్యుండకపోవచ్చని కూడా ఆలోచించండి. రాసినాయనకు అందులో ఏముందో తెలుసు కదా.

31 ఫైళ్లలో ఊరబావి అధ్యాయం అన్నిటికంటే చిన్నది, 9 పేజీలే అని రాశారు. అక్కడ మొదలుపెట్టండి. గంటన్నర పని. మండలి, గిడుగు, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, అమ్మగారి కంటికి ఏది హాయిగా ఉందో ఆవిడనే అడిగి ఆ ఫాంటులో పెట్టండి. ఆవిడ ట్యాబ్‌లో చదువుతున్నప్పుడు పక్కన నోటు పుస్తకంతో కూర్చోండి. ఎక్కడైనా ఆగి "ఇదేం మాటమ్మా" అన్నారంటే అది కన్వర్టర్ తప్పు కావచ్చు. మీకు తెలియని ఊరి మాట ఎదురైతే అది ఏదో ఆవిడే చెప్పగలరు. పరీక్ష పేజీలో ఏ అక్షరాలు మారలేదో రాసి పంపండి, నాకు తెలిసినంతవరకు చూసి చెప్తాను.